ఒక్క శాతమే కదా అనుకుంటే...

2025 సెప్టెంబరు 22న ఒంటి సబ్బు, టూత్‌పేస్టు, షాంపూ, తలనూనె, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. నెయ్యి, వెన్న, ప్యాకెట్ చిరుతిళ్లు 12 నుంచి 5కు వచ్చాయి. దసరా నవరాత్రులు మొదలైన రోజే ఈ మార్పు రావడంతో కొనేవారు సంతోషించారు, అమ్మేవారూ సంతోషించారు. అయితే కాంపోజిషన్ పథకంలో ఉన్న చిల్లర వర్తకుడు సంతోషించే ముందు ఒక లెక్క వేసుకోవలసింది. ఆ లెక్క వేసుకోమని అతనికి గట్టిగా చెప్పినవాళ్లు మాత్రం మాకు కనబడలేదు. నిన్నటి దాకా అతనికి కాస్తో కూస్తో మేలు చేసిన పథకం, అతను గమనించకుండానే, ఆ రోజు నుంచి చాలా సరుకుల మీద అతని లాభాన్ని కొరకడం మొదలుపెట్టింది. పథకం నిబంధన ఒక్కటీ మారలేదు. చుట్టూ ఉన్న పన్ను రేట్లు మారాయి.

కాంపోజిషన్ అంటే మన పాత వ్యాపారులకు కొత్త సంగతేమీ కాదు. 2005లో వ్యాట్ వచ్చినప్పుడు చిన్న దుకాణాలకు టర్నోవర్ ట్యాక్స్ అని ఒకటి ఉండేది, టీఓటీ అనేవారు. అమ్మిన దాని మీద ఒక్క శాతం కట్టేస్తే కథ ముగిసేది. జీఎస్టీలో దాని వారసుడే ఈ కాంపోజిషన్. ఏడాది టర్నోవర్ కోటిన్నర దాటని వర్తకుడు, తయారీదారు ఒక శాతం. మద్యం లేని హోటల్ 5 శాతం. 50 లక్షల లోపు సేవలందించేవారు 6 శాతం. మూడు నెలలకోసారి సీఎంపీ-08లో పన్ను కట్టడం, ఏడాదికోసారి జీఎస్టీఆర్-4 దాఖలు చేయడం. నెలనెలా రిటర్నులు లేవు, ప్రతి బిల్లూ పోర్టల్‌లోకి ఎక్కించే బాధ లేదు. చదువు అంతంతమాత్రమైన వర్తకుడికీ, కంప్యూటర్ లేని దుకాణానికీ ఇది ఊరటే. ఆ ఊరటను మేము తక్కువ చేయడం లేదు.

దానికి బదులుగా వదులుకునేవి రెండున్నాయి. సరుకు కొన్నప్పుడు హోల్‌సేలరుకు చెల్లించిన జీఎస్టీ తిరిగి రాదు. వ్యాపారుల మాటలో చెప్పాలంటే ఇన్‌పుట్ పోతుంది. రెండోది, కొనేవాడి దగ్గర పన్ను వసూలు చేయకూడదు. ఆ ఒక్క శాతం గల్లాపెట్టెలోంచే తీసి కట్టాలి. తేడా అంతా ఇక్కడే ఉంది: రెగ్యులర్ పద్ధతిలో వర్తకుడు నికరంగా కట్టేది తన లాభం మీద పన్ను. కాంపోజిషన్‌లో కట్టేది మొత్తం అమ్మకం మీద.

సబ్బుల పెట్టెనే తీసుకుందాం. పన్ను కాక 100 రూపాయలకు కొని, పది శాతం లాభానికి అమ్ముతున్నాడనుకోండి. పన్ను 18 శాతం ఉన్న రోజుల్లో అతని కొనుబడి 118, అమ్మకం 129 రూపాయల 80 పైసలు. రెగ్యులర్ వర్తకుడికి మిగిలేది 10 రూపాయలు. కాంపోజిషన్ వర్తకుడికి పైన వచ్చిన 11.80లో ఒక శాతం పన్ను 1.30 పోగా 10.50 మిగిలేది. అర్ధ రూపాయి లాభం, పైగా రిటర్నుల బెడద లేదు. ఇప్పుడు పన్ను 5 శాతం. కొనుబడి 105, అమ్మకం 115.50. రెగ్యులర్ వర్తకుడికి మిగిలేది అదే 10. కాంపోజిషన్ వర్తకుడికి 10.50లోంచి 1.16 పోయి 9.34 మిగులుతుంది. ముందు అర్ధ రూపాయి వచ్చిన చోట ఇప్పుడు 66 పైసలు పోతున్నాయి.

పైసలే కదా అనకండి. ఏడాదికి 60 లక్షల అమ్మకం ఉండి, సరుకంతా 5 శాతం పన్నుదే అయితే, రెగ్యులర్ పద్ధతిలో ఖజానాకు అతను చేతి నుంచి కట్టేది సుమారు 26 వేలు. కాంపోజిషన్‌లో 60 వేలు. తేడా 34 వేలు. ఆడిటర్ గారి ఫీజు అందులోంచి తీసేసుకున్నా చాలా ఊళ్లలో ఇంకా మిగులుతుంది.

నూనె దగ్గరకు వస్తే మరీ ఘోరం. వంటనూనె, పంచదార, టీపొడి మొదటి నుంచీ 5 శాతంలోనే ఉన్నాయి. వీటి మీద పోటీ ఎక్కువ, లాభం తక్కువ. మూడు శాతం లాభంతో అమ్మే నూనె ప్యాకెట్ మీద రెగ్యులర్ వర్తకుడికి మూడు రూపాయలు మిగిలితే, కాంపోజిషన్ వర్తకుడికి మిగిలేది రెండు రూపాయల ఏడు పైసలు. లాభంలో మూడో వంతు దాదాపుగా వెళ్లిపోయింది. ఇన్నాళ్లూ ఈ నష్టాన్ని సబ్బులూ బిస్కెట్లూ పూడ్చేవి కాబట్టి కొట్టు మొత్తం మీద లెక్క సరిపోయేది. ఆ పూడ్చే సరుకే ఇప్పుడు 5 శాతంలోకి దిగిపోయింది. అంకెల్లో చెప్పుకుంటే, 18 శాతం సరుకు మీద లాభం ఏడు శాతం దాటితే కాంపోజిషన్ గిట్టుబాటు. 12 శాతం సరుకు మీద పది దాటాలి. 5 శాతం సరుకు మీద 26 శాతం పైన లాభం ఉంటే తప్ప గిట్టదు. 26 శాతం లాభం వేసుకుని బతుకుతున్న కిరాణా కొట్టు ఏదో మాకైతే తెలియదు. పక్కనే సూపర్‌మార్కెట్ ఉంటే ఆ మాటే ఎత్తనక్కర్లేదు.

ఇది కిరాణాతో ఆగలేదు. హోటళ్ల సంగతి మొదటి నుంచీ వింతే. 2017 నవంబరు నుంచి మామూలు హోటళ్లకు జీఎస్టీ 5 శాతం, ఇన్‌పుట్ లేదు. కాంపోజిషన్ హోటల్‌కూ 5 శాతమే, ఇన్‌పుట్ లేదు. ఒక్కటే తేడా: మొదటివాడు ఆ అయిదు రూపాయలు బిల్లులో వేసి కస్టమర్ దగ్గర తీసుకుంటాడు, రెండోవాడు దోసె ధరలోంచి తీసి కడతాడు. సులువైన రిటర్నుల కోసం అంత ఇవ్వాలా అని ఏ టిఫిన్ సెంటర్ యజమానైనా అడగవలసిన ప్రశ్న. క్షౌరశాలల విషయంలో అది వింతను కూడా దాటిపోయింది. సెలూన్లు, బ్యూటీ పార్లర్ల మీద రేటును సెప్టెంబరు 22 నుంచి ఇన్‌పుట్ లేకుండా 5 శాతం చేశారు. కాంపోజిషన్‌లో సేవల రేటు మాత్రం 6 శాతంగానే ఉంది. చిన్నవాడి కోసం పెట్టిన సులువు పథకంలో చిన్నవాడే ఎక్కువ కడుతున్నాడు. జీఎస్టీ మండలి 56వ సమావేశంలో వందలాది వస్తువుల రేట్లు సవరించినవారు కాంపోజిషన్ రేట్లను తాకలేదు. మరిచారో, ఆదాయం లెక్క చూసుకుని వదిలేశారో వారే చెప్పాలి.

ప్రమాదం మరింత పెరిగేది పథకం స్వభావం వల్ల. ఒకసారి చేరితే ఏటా మళ్లీ అడగరు. అర్హత ఉన్నంతకాలం, తనంతట తాను బయటికొచ్చేదాకా, వర్తకుడు అందులోనే కొనసాగుతాడు. 2019లో మంచి సలహాతో చేరినవాడు ఇవాళ అదే సలహా ప్రకారం నష్టపోతున్నాడు. పన్ను ఎక్కువ కడుతున్నావని అధికారులు తాఖీదు పంపరు కదా.

లెక్క కుదిరినవారికీ వేరే చోట గుంట ఉంది. తయారీలో శ్రమకు విలువ ఎక్కువ, కొనుబడి తక్కువ. మిఠాయి చేసేవాళ్లు, పూతరేకులు చుట్టేవాళ్లు ఒక శాతంతో బాగానే గట్టెక్కుతారు. అయితే కాంపోజిషన్‌లో ఉన్నవారు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. ఆత్రేయపురంలో రిజిస్ట్రేషన్ తీసుకున్న తయారీదారు వాట్సాప్‌లో వచ్చిన ఆర్డరుకు హైదరాబాదు పార్శిల్ పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. బెంగళూరు పంపినా అంతే. డాలస్‌లో ఉన్న కొనుగోలుదారుకు తానే ఎగుమతి చేసినా చట్టం దాన్ని అంతర్రాష్ట్ర అమ్మకంగానే చూస్తుంది. ఒక్క పార్శిల్‌తో అర్హత పోతుంది. వేరే రాష్ట్రం నుంచి కొనుక్కోవడానికి అడ్డు లేదు, అమ్మడానికే అడ్డు. ఈ రెంటినీ చాలామంది తారుమారు చేసుకుంటున్నారు.

2014కు ముందు మనకు ఈ బెంగ అంతగా లేదు. జగ్గయ్యపేట, కోదాడ ఒకే రాష్ట్రంలో, ఒకే రోడ్డు మీది ఊళ్లు. ఇవాళ జగ్గయ్యపేట హార్డ్‌వేర్ షాపు నుంచి ఆటో ట్రాలీలో కోదాడలో కట్టుబడి జరుగుతున్న ఇంటికి పైపులు దించి వస్తే అది ఐజీఎస్టీ వ్యవహారం. కోదాడ మనిషే షాపుకొచ్చి తీసుకెళ్తే ఏమవుతుందంటే, అక్కడ ఇంకో చిక్కు. 2023 అక్టోబరు నుంచి అమలైన సవరణ ప్రకారం, రిజిస్ట్రేషన్ లేని కొనుగోలుదారు చిరునామా బిల్లులో రాస్తే ఆ చిరునామా ఉన్న చోటే అమ్మకం జరిగినట్లు లెక్క. రాయకపోతే షాపు ఉన్న చోట. మర్యాద కొద్దీ బిల్లు మీద ‘కోదాడ, సూర్యాపేట జిల్లా’ అని రాసిచ్చిన గుమస్తాకు తాను యజమాని కాంపోజిషన్‌ను చిక్కులో పెట్టానని తెలిసే వీలే లేదు. కర్నూలు, అలంపూరు వైపూ, ఖమ్మం, తిరువూరు వైపూ ఇదే పరిస్థితి. ఈ సరిహద్దు ఊళ్ల వర్తకుల కోసం రెండు రాష్ట్రాల వాణిజ్య పన్నుల శాఖలూ తెలుగులో ఒక్క పేజీ కరపత్రం వేసి దుకాణదుకాణానికీ పంచితే ఎంత ఖర్చవుతుంది?

రెండు రాష్ట్రాల మధ్య మరో తేడా ఉంది. సరుకు అమ్మేవారికి రిజిస్ట్రేషన్ పరిమితిని 2019 ఏప్రిల్‌లో 20 లక్షల నుంచి 40 లక్షలకు పెంచినప్పుడు ఆంధ్రప్రదేశ్ ఆ వెసులుబాటు తీసుకుంది, తెలంగాణ తీసుకోలేదు. ఏడాదికి 20 లక్షలంటే రోజుకు అయిదున్నర వేల అమ్మకం. వరంగల్‌లో ఓ మోస్తరు వీధి చివరి కొట్టు ఆ గీత సులువుగా దాటుతుంది. అదే కొట్టు గుంటూరులో ఉంటే జీఎస్టీ ఊసే ఉండదు. ఇంత చిన్న స్థాయిలోనే పన్ను వలలోకి వచ్చే తెలంగాణ దుకాణదారుకు కాంపోజిషన్ మీద మోజు సహజం. అతనికి సరైన లెక్క చెప్పవలసిన బాధ్యతా అంతకంత ఎక్కువ.

2025 జులైలో కర్ణాటకలో జరిగిన కలకలం గుర్తుండే ఉంటుంది. యూపీఐ ద్వారా ఏడాదికి 40 లక్షలకు పైగా అందుకున్నవారి వివరాలు రాబట్టి వాణిజ్య పన్నుల శాఖ వేల నోటీసులు పంపింది. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి నాలుగేళ్ల లావాదేవీల మీద 29 లక్షలు కట్టమని వచ్చింది. తాజా కూరగాయలకు జీఎస్టీయే లేదు. దుకాణాల ముందు క్యూఆర్ కోడ్‌లు తీసేసి ‘నగదు మాత్రమే’ అని రాసిపెట్టారు. చివరికి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య కలగజేసుకుని, రిజిస్టర్ చేసుకునేవారి పాత బకాయిల కోసం ఒత్తిడి చేయబోమని చెప్పవలసి వచ్చింది. ఆ గందరగోళంలో గట్టిగా వినబడిన సలహా ఒకటే: కాంపోజిషన్ తీసుకోండి, ఒక్క శాతం కట్టి ప్రశాంతంగా ఉండండి. భయంలో ఇచ్చిన సలహా, భయంలో తీసుకున్న నిర్ణయం. ఆ ఒక్క శాతం ముందు రోజులకే తప్ప, రిజిస్ట్రేషన్ లేకుండా గడిచిపోయిన ఏళ్లకు వర్తించదన్న ముక్క ఎవరూ చెప్పలేదు.

కోటిన్నర పరిమితినీ తప్పుగా అర్థం చేసుకుంటున్నారు. అది ఒక్క దుకాణం లెక్క కాదు, ఒక పాన్ నంబరు కింద దేశమంతటా జరిగే మొత్తం వ్యాపారం లెక్క. అందులో పన్ను లేని విడి బియ్యం, పప్పుల అమ్మకం కూడా కలుస్తుంది. వర్తకుడు ఒక శాతం కట్టేది పన్ను పడే సరుకు మీదే అయినా, పరిమితి కొలిచేటప్పుడు అన్నీ కలుపుతారు. దీపావళి వారంలో కోటిన్నర దాటితే ఏడాది చివరి దాకా ఆగడానికి లేదు. దాటిన రోజే పథకం చెల్లిపోతుంది. ఆ రోజు నుంచే చేసిన ప్రతి అమ్మకానికీ పూర్తి రేటు. తెలియక ఒక శాతం చొప్పునే కట్టుకుంటూ పోయినవారికి తేడా పన్ను, దాని మీద 18 శాతం వడ్డీ, ఆపైన జరిమానా. 2024-25 నుంచి అమలవుతున్న 74ఏ సెక్షన్ కింద వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 42 నెలల దాకా నోటీసు రావచ్చు. మూడున్నరేళ్ల తర్వాత వచ్చే ఆ కాగితానికి జవాబు చెప్పుకోవడానికి అప్పటి బిల్లు పుస్తకాలు ఎంతమంది అటకల మీద మిగిలి ఉంటాయి?

తప్పంతా ప్రభుత్వాలదే అంటే న్యాయం కాదు. కాంపోజిషన్‌లో ఉన్నవారు దుకాణం బోర్డు మీద ఆ మాట రాయాలి. బిల్లు మీద పన్ను వసూలు చేసే అర్హత తమకు లేదని అచ్చు వేయాలి. ఈ మధ్య ఒక చోట భోజనం చేస్తే, బిల్లు పైభాగంలో ‘కాంపోజిషన్ ట్యాక్సబుల్ పర్సన్’ అని చిన్న అక్షరాల్లో, కింద జీఎస్టీ 5 శాతం అని పెద్ద అక్షరాల్లో కనబడ్డాయి. అడిగితే ‘సాఫ్ట్‌వేర్ అట్లనే తీస్కుంటది సార్’ అన్నారు. పన్ను పేరిట వసూలు చేసిన ప్రతి పైసా ఖజానాకు కట్టాలని చట్టంలో 76వ సెక్షన్ చెబుతోంది. కస్టమర్‌ను మోసగించిన పాపం ఒకవైపు, దొరికితే చేతి చమురు ఇంకోవైపు. ఇలాంటి దుకాణదారు మీద జాలి చూపమని మేము అడగడం లేదు.

జాలి చూపవలసింది తెలియక దెబ్బతినేవారి మీద. రివర్స్ ఛార్జ్ సంగతి చూడండి. 2024 అక్టోబరు 10 నుంచి, రిజిస్ట్రేషన్ లేని యజమాని దగ్గర దుకాణం అద్దెకు తీసుకున్నవారు ఆ అద్దె మీద 18 శాతం జీఎస్టీ తామే కట్టాలన్నారు. రెగ్యులర్ వర్తకుడు కట్టి ఇన్‌పుట్‌గా వాడుకోగలడు. కాంపోజిషన్ వర్తకుడికి ఆ దారి లేదు. నెలకు 15 వేల అద్దె కట్టే కొట్టు మీద హఠాత్తుగా 2,700 రూపాయల బరువు పడింది. దేశమంతటా వర్తకులు గోల పెట్టాక డిసెంబరులో మండలి జైసల్మేర్ సమావేశం దిగొచ్చి కాంపోజిషన్ వారిని తప్పించింది. 2025 జనవరి 16 నుంచి అది అమల్లోకి వచ్చింది. చిన్నవాళ్లు గుర్తొచ్చింది చివర్లోనే అని ఈ మూడు నెలల ఉదంతం చెప్పకనే చెబుతోంది. లారీ ట్రాన్స్‌పోర్ట్ కిరాయి మీద రివర్స్ ఛార్జ్ ఇంకా ఉంది. బేగంబజారు నుంచి కన్‌సైన్‌మెంట్ నోటుతో సరుకు తెప్పించుకునే కాంపోజిషన్ వర్తకుల్లో దాన్ని కట్టాలని తెలిసినవారెందరో వారి ఆడిటర్లనే అడగాలి.

జీఎస్టీ మండలి చేయవలసింది దాచిపెట్టిన రహస్యమేమీ కాదు. ఎక్కువ సరుకు 5 శాతంలోకి వచ్చాక వర్తకుడి మీద ఒక శాతం రేటు నిలబడదు. దాన్ని అర శాతానికి తేవాలి. సేవల 6 శాతాన్ని కనీసం మామూలు రేటు కంటే కిందికి దించాలి. ఒక రాష్ట్రంలో పది పార్శిళ్లు అమ్మితే తప్పు కానిది, కృష్ణా నది దాటితే తప్పయ్యే నిబంధనను చిన్న మొత్తాలకైనా సడలించాలి. ఈ-కామర్స్ ద్వారా సొంత రాష్ట్రంలో సరుకు అమ్ముకోవడానికి 2023 అక్టోబరులో అనుమతిచ్చినవారు ఇంకో అడుగు వేయలేరా?

మండలి అడుగు వేసేదాకా వర్తకుడు తన కాపలా తానే కాసుకోవాలి. వచ్చే ఏడాదికి కాంపోజిషన్‌లో కొత్తగా చేరాలనుకునేవారికి సీఎంపీ-02 గడువు మార్చి 31. చేరే ముందు గత మూడు నెలల కొనుగోలు బిల్లులు ముందేసుకుని, 5 శాతం సరుకెంత, 18 శాతం సరుకెంత, ఒక్కోదాని మీద లాభమెంత అని ఒక పూట కూర్చుని రాసుకోండి. టర్నోవర్ అయిదు కోట్ల లోపు ఉన్నవారు రెగ్యులర్‌లో ఉంటూనే మూడు నెలలకోసారి రిటర్న్ వేసే క్యూఆర్‌ఎంపీ పద్ధతి 2021 జనవరి నుంచీ ఉంది. రిటర్నుల భయంతోనే కాంపోజిషన్ వైపు వెళ్తున్నవారు ముందు దీని గురించి అడగండి. మీ సరుకు ఎక్కువగా జీఎస్టీ నంబరున్న వ్యాపారులే కొంటున్నారా అన్నదీ చూసుకోండి. మీ బిల్లు మీద వారికి ఇన్‌పుట్ రాదు. వారు రేపు పక్క షాపుకు వెళ్తారు, కారణం కూడా చెప్పరు.

ఇప్పటికే లోపల ఉన్నవారికి మార్చి 31తో పని లేదు. సీఎంపీ-04 వేసి ఏడాదిలో ఎప్పుడైనా బయటికి రావచ్చు. అలా వచ్చిన రోజున కొట్టులో ఉన్న నిల్వ సరుకు మీద, ఏడాది లోపు బిల్లులుంటే, అప్పటిదాకా పోగొట్టుకున్న ఇన్‌పుట్‌ను తిరిగి కోరవచ్చు. ఆ మొత్తం రెండు లక్షలు దాటితే చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రం కావాలి. దానికి వేయవలసిన ఫారం ఐటీసీ-01. గడువు 30 రోజులు.